పుక్కటి సినిమాకు పైసలు ఎవరు కడుతున్నారు?



మీరు టాకీసుకు పోయి సినిమా చూసి ఎన్నాళ్ళయింది? వేళ్ళ మీద లెక్క పెట్టండి. ఆరు నెలలా? ఏడాదా? అయిదేళ్ళా?

ఇప్పుడు ఇంకో ప్రశ్న. అసలు సినిమా చూసి ఎన్నాళ్ళయింది? ఈ ప్రశ్నకు జవాబు వేరే ఉంటుంది. నిన్న రాత్రే చూసి ఉంటారు. కొడుకు ఫోనులోనో, పక్కింటి పిల్ల ఫోనులోనో చూసి ఉంటారు.

అంటే సినిమా ఎక్కడికీ పోలేదు. టాకీసు మాత్రం పోతున్నది. ఎందుకు పోతున్నది? పోతే ఎవరికి నష్టం? మనం చేయగలిగింది ఏమన్నా ఉందా? ఈ సంగతులు తెలుసుకుందాం.

టాకీసుకు పోయే రోజుల్లో

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. ఈ మూడు ఊళ్ళూ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలు అయినాయి. అంతకు ముందు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. గద్వాల, వనపర్తి ఒకప్పుడు సంస్థానాలు. చుట్టుపక్కల పల్లెలకు ఈ ఊళ్ళే పట్నాలు. సంతకు ఇక్కడికే రావాలి. ఆసుపత్రికి ఇక్కడికే రావాలి. సినిమాకు కూడా ఇక్కడికే రావాలి.

తెలుగులో మొదటి మాటల సినిమా 'భక్త ప్రహ్లాద'. అది 1932లో వచ్చింది. ఆ తర్వాత మెల్లగా ఊళ్ళలో టాకీసులు లేచినాయి. టాకీసు లేని చోటికి టూరింగ్ టాకీసు వచ్చేది. డేరా వేసి, తెర కట్టి, బొమ్మ వేసేవాళ్ళు. జనం నేల మీద కూచొని చూసేవాళ్ళు.

అప్పుడు సినిమా రీళ్ళ మీద ఉండేది. రీళ్ళను పెట్టెలో పెట్టి ఊరి నుంచి ఊరికి పంపేవాళ్ళు. "బాక్సు వచ్చిందా?" అని జనం అడిగేవాళ్ళు. రీళ్ళు తక్కువ, ఊళ్ళు ఎక్కువ. పెద్ద పట్నాల్లో ఆడి ఆడి, గీతలు పడినాక చిన్న ఊరికి వచ్చేవి. 2005 తర్వాత ఈ పద్ధతి మెల్లమెల్లగా మారింది. ఇప్పుడు సినిమా కంప్యూటర్ ద్వారా వస్తుంది. హైదరాబాదులో విడుదలయిన రోజే గద్వాలలో కూడా ఆడవచ్చు.

పెద్దవాళ్ళను అడిగితే ఆ రోజుల ముచ్చట్లు చెప్తారు. పంట ఇంటికొచ్చినాక బండి కట్టుకొని సినిమాకు పోయేవాళ్ళు. సద్ది మూట కట్టుకునేవాళ్ళు. ఆడవాళ్ళకు వేరే వరుస ఉండేది. లోపల కూచున్నాక మూడు గంటలు పొయ్యి లేదు, చేను లేదు, పిలిచేవాళ్ళు లేరు. పక్కన కూచున్న పరాయి ఊరి ఆమెతో కలిసి నవ్వేవాళ్ళు, కలిసి కండ్లు తుడుచుకునేవాళ్ళు.

ఇప్పుడు ఇంట్లో ఒకటే మంచి ఫోను ఉందనుకోండి. అది ఎవరి చేతిలో ఉంటుంది? ఎక్కువ ఇండ్లలో మొగాయన చేతిలో ఉంటుంది. లేకుంటే కొడుకు చేతిలో ఉంటుంది. అమ్మ రొట్టెలు చేసుకుంటూ మాటలు మాత్రం వింటుంది. టాకీసులో అమ్మకు కూడా ఒక కుర్చీ ఉండేది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. చివరికి మళ్ళీ మాట్లాడుకుందాం.

ఒక టికెట్టు ఎందరికి బువ్వ పెడుతుంది?

మనం కొన్న టికెట్టు పైసలు ఒక్కరికే పోవు. ముందు ప్రభుత్వానికి పన్ను పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల వరకు ఉన్న టికెట్టు మీద నూటికి 5 రూపాయలు పన్ను. 100 దాటిన టికెట్టు మీద నూటికి 18 రూపాయలు. మిగిలిన దాంట్లో కొంత టాకీసు వాళ్ళకు, కొంత సినిమాను పంచిన వాళ్ళకు, కొంత సినిమా తీసిన వాళ్ళకు పోతుంది.

టాకీసు వాళ్ళు అంటే యజమాని ఒక్కడే కాదు. బొమ్మ వేసే ఆపరేటర్ ఉంటాడు. బుకింగులో టికెట్లు ఇచ్చే మనిషి ఉంటాడు. గేటు దగ్గర టికెట్టు చింపే మనిషి ఉంటాడు. హాలు ఊడ్చే ఆమె ఉంటుంది. సైకిల్ స్టాండు మనిషి ఉంటాడు. గోడలకు పోస్టర్లు అంటించేవాళ్ళు ఉంటారు. బయట పల్లీలు, మిర్చి బజ్జీలు, సోడాలు అమ్మేవాళ్ళు ఉంటారు. సెకండ్ షో వదిలినాక జనాన్ని ఎక్కించుకుపోయే ఆటోవాళ్ళు ఉంటారు.

ఒక లెక్క చేద్దాం. ఒక టాకీసులో 500 సీట్లు ఉన్నాయనుకుందాం. టికెట్టు 100 రూపాయలు అనుకుందాం.

హాలు నిండితే ఒక ఆటకు వచ్చేది 500 × 100 = 50,000 రూపాయలు.

40 మందే వస్తే వచ్చేది 40 × 100 = 4,000 రూపాయలు.

500 మంది వచ్చినా బొమ్మ వేయాలి. 40 మంది వచ్చినా బొమ్మ వేయాలి. కరెంటు కాలుతుంది. జీతాలు ఇయ్యాలి. రోజూ 40 మందే వస్తే ఆ టాకీసు ఎన్నాళ్ళు నడుస్తుంది?

ఇది ఉత్త లెక్క కాదు. 2024 మే 17 నుంచి తెలంగాణలో ఒకే తెర ఉన్న టాకీసులను పది రోజులు మూసేయాలని యజమానులు నిర్ణయించుకున్నారు. జనం రావడం లేదు, ఆట వేస్తే కరెంటు ఖర్చు కూడా రావడం లేదు అన్నారు. అది ఎండాకాలం. పిల్లలకు బడి సెలవులు. ఒకప్పుడు టాకీసులు కిటకిటలాడే రోజులు. ఆ రోజుల్లోనే తాళాలు వేయాలన్న మాట వచ్చింది.

ఇట్లా మూతపడిన టాకీసులు చాలా ఊళ్ళలో ఫంక్షన్ హాళ్ళు అయినాయి. కొన్ని గోదాములు అయినాయి. కొన్నిటిని కూలగొట్టి దుకాణాలు కట్టినారు.

దొంగ కాపీ అంటే ఏమిటి?

సినిమా తీసినవాళ్ళకు ఆ సినిమా మీద హక్కు ఉంటుంది. దాన్ని ఎక్కడ చూపాలి, ఎవరికి అమ్మాలి అన్నది వాళ్ళు నిర్ణయిస్తారు. వాళ్ళను అడగకుండా సినిమాను నకలు తీసి, చూపడమో అమ్మడమో పంచడమో చేస్తే అది దొంగ కాపీ. దీనినే పైరసీ అంటారు.

"నకలు తీస్తే సినిమా వాళ్ళ దగ్గర సినిమా పోయిందా? ఆడనే ఉంది గదా! మరి దొంగతనం ఎట్ల అయితది?" అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు గద్వాల చీర చెప్తుంది.

గద్వాల చీర సంగతి అందరికీ తెలుసు. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. వేరు వేరు దారాలను మగ్గం మీదనే కలిపి నేస్తారు. అగ్గిపెట్టెలో పట్టేంత మెత్తగా ఉంటుందని పేరు. అద్దకం ఒకరు, ఆసు ఒకరు, నేత ఒకరు. ఇంటిల్లిపాదీ రోజుల తరబడి కష్టపడితే ఒక చీర తయారవుతుంది. ఈ చీరకు గద్వాల పేరు మీద భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరును ఎవరు పడితే వాళ్ళు వాడుకోవడానికి లేదు.

అయినా ఏమవుతుంది? ఎక్కడో మరమగ్గం మీద అదే అంచు, అదే బుటా వేస్తారు. "గద్వాల చీర" అని చెప్పి తక్కువ ధరకు అమ్ముతారు. నేతాయన మగ్గం ఆయన ఇంట్లోనే ఉంది. ఆయన చీర కూడా ఆయన దగ్గరే ఉంది. ఎవరూ ఎత్తుకుపోలేదు. కానీ కొనేవాళ్ళు లేరు. ఎత్తుకుపోయింది ఏమిటి? ఆయన కూలి.

సినిమా కూడా అంతే. సినిమా అంటే హీరో, హీరోయిన్ మాత్రమే అనుకుంటాం. కానీ లైట్లు మోసేవాళ్ళు ఉన్నారు. బట్టలు కుట్టేవాళ్ళు ఉన్నారు. వంట చేసేవాళ్ళు, గుంపులో నిలబడేవాళ్ళు ఉన్నారు. వీళ్ళలో చాలామంది రోజు కూలీలు. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు కూలి పెంచమని 18 రోజులు పని బందు పెట్టినారు. కూలి కోసం వాళ్ళదీ మన లాంటి కొట్లాటే.

పాలమూరు వాళ్ళకు కూలి విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఊరు విడిచి, పిల్లలను విడిచి, దూర దేశాల్లో కట్టలు కట్టినారు, కాలువలు తవ్వినారు. చేసిన పనికి కూలి ఎగ్గొట్టిన మేస్త్రీలను చూసినారు. ఆ బాధ తెలిసినవాళ్ళం. మరి ఇంకొకరి కూలి ఎగ్గొట్టే పనిలో మన చేయి ఉండవచ్చునా?

సినిమాలో మన పాలమూరు

సినిమా ఎక్కడో పట్నంలో పెద్దవాళ్ళు తీసేది, మనకేం అనుకోకండి. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్యది. ఆయన పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తాడు. 'భీమ్లా నాయక్' సినిమా పాటలో ఆయన గొంతు, ఆయన కిన్నెర ఊరూరా వినిపించినాయి. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినారు. అదే జిల్లా తెలకపల్లి మండలం గౌరారం కవి గోరటి వెంకన్న. ఆయన పాటలు కూడా సినిమాల్లోకి పోయినాయి. మన నేల పాట, మన నేల మాట సినిమాలో వినపడాలంటే సినిమా బతకాలి.

చేతులు మారి మారి

దొంగ కాపీలు ఇప్పుడే పుట్టలేదు. 1980లలో వీడియో క్యాసెట్లు వచ్చినాయి. తర్వాత కేబుల్ టీవీలో రాత్రిపూట కొత్త సినిమాలు వేసేవాళ్ళు. ఆ తర్వాత సీడీలు వచ్చినాయి. బస్టాండు దగ్గర కుప్పలు పోసి అమ్మినారు. ఆ తర్వాత సెల్లు దుకాణాల్లో చిన్న కార్డులోకి సినిమాలు ఎక్కించి ఇచ్చినారు. 2016లో జియో వచ్చింది. ఫోనులో నెట్టు చవక అయింది. అప్పటి నుంచి దుకాణానికి పోయే పని కూడా లేదు. ఒక్క నొక్కు నొక్కితే సినిమా ఫోనులోకి వస్తున్నది.

ఒక నకలు ఎంత దూరం పోతుందో చూడండి.

ఒకరు 10 మందికి పంపినారు. ఆ 10 మందీ తలా 10 మందికి పంపితే 100. ఆ 100 మందీ తలా 10 మందికి పంపితే 1,000. ఇంకొక్క మెట్టు ఎక్కితే 10,000. ఇందులో ఎవరూ దొంగలమని అనుకోరు. "మా దోస్తుకే గదా పంపింది" అని అనుకుంటారు.

2013లో ఇట్లాగే అయింది. 'అత్తారింటికి దారేది' అనే సినిమా ఇంకా విడుదల కాలేదు. అంతలోనే అందులో సగం బయటికి వచ్చేసింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్ముతుంటే సంగతి బయట పడింది. పోలీసులు తీగ లాగినారు. సినిమాకు పని చేసిన ఒకతను దాన్ని తన స్నేహితునికి ఇచ్చినాడని తేలింది. ఆ స్నేహితుడు ఇంకొకరికి ఇచ్చినాడు. అక్కడ నుంచి చేతులు మారి మారి దుకాణానికి చేరింది. మొదటి చేయి దోస్తుదే. మధ్య చేతులు కూడా దోస్తులవే. నిర్మాత కంగారు పడి సినిమాను ముందుకు జరిపి 2013 సెప్టెంబరు 27న విడుదల చేసినాడు. జనం టాకీసుకు వచ్చి చూసినారు. ఆ సినిమా బతికింది. అన్ని సినిమాలకూ అట్లాంటి అదృష్టం ఉండదు. చిన్న సినిమా అయితే అక్కడనే మునుగుతుంది.

ఇప్పుడు నకలు తీసే దారులు పెరిగినాయి. హాలులో కూచొని, జేబులో ఫోను పెట్టి తీసేవాళ్ళు ఉన్నారు. టాకీసులకు సినిమా పంపే కంప్యూటర్లలోకే చొరబడి దొంగిలించేవాళ్ళు ఉన్నారు. 2025 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు అట్లాంటి ముఠాను పట్టుకున్నారు. ఇప్పుడు టాకీసులో ఆడే బొమ్మలో కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. ఏ టాకీసులో, ఏ రోజు, ఏ ఆటలో నకలు తీసినారో దాన్ని బట్టి కనుక్కోవచ్చు.

దేశం మొత్తం మీద నష్టం ఎంత? 2023 ఒక్క ఏడాదిలో పైరసీ వల్ల 22,400 కోట్ల రూపాయలు పోయినాయని 2024లో ఒక నివేదిక లెక్క కట్టింది. ఇందులో 13,700 కోట్లు టాకీసుల సినిమాల నకళ్ళ వల్ల పోయినవే.

"ఆయన మంచి పనే చేసిండు గదా!"

2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఇంకొకరిని పట్టుకున్నారు. 'ఐబొమ్మ' అనే పేరుతో కొత్త సినిమాలను పుక్కటికి చూపించే నెట్టు అంగడి నడిపిస్తున్నాడని కేసు. అప్పుడు చాలామంది ఆయన మీద జాలి పడ్డారు. రచ్చబండల దగ్గర కూడా ఇదే మాట.

"టికెట్టుకు వందలు వందలు గుంజుతుండ్రు. ఆయన పేదోళ్ళకు ఊరికే చూపిచ్చిండు. ఏం తప్పు జేసిండు అక్కా?"

"ఊరికే చూపిస్తే ఆయనకు పైసలు యాడికెల్లి వచ్చినయి చెల్లే?"

ఇదీ అడగాల్సిన ప్రశ్న. ఊరికే వచ్చే సినిమా పక్కన ఏం వస్తుంది? జూదం ప్రకటనలు వస్తాయి. "వంద పెట్టు, వెయ్యి గెలుచుకో" అని ఊరిస్తాయి. బెట్టింగు యాప్‌ల వాళ్ళు దొంగ సినిమాల వాళ్ళకు పైసలు ఇస్తారు. మన పిల్లలు సినిమా కోసం వస్తారు, జూదంలో దిగుతారు. అట్లా దిగి అప్పుల పాలయిన పిల్లల సంగతి ఊరూరా వింటున్నాం. సినిమా అక్కడ ఎర మాత్రమే. గాలానికి పట్టేది మన ఇంటి చేపనే.

ఇంకొక సంగతి కూడా పోలీసులు చెప్పినారు. 50 లక్షల మంది వివరాలు ఆయన దగ్గర ఉన్నాయన్నారు. పుక్కటి సినిమా చూసినవాళ్ళు తెలియకుండానే తమ గుట్టు ఇచ్చి వచ్చినారన్న మాట.

మన ఫోను మన బీరువా

ఇప్పుడు ఫోను అంటే మాట్లాడే డబ్బా మాత్రమే కాదు. బ్యాంకు ఖాతా అందులోనే ఉంది. ఆధార్ అందులోనే ఉంది. సంఘం పొదుపు పైసలు, ఉపాధి కూలి పైసలు పడినట్టు కబురు అందులోకే వస్తుంది. ఒక విధంగా అది ఇంటి బీరువా.

దొంగ సినిమా కోసం తెలియని యాప్‌ను ఫోనులో వేయడం అంటే, ముఖం తెలియని మనిషికి బీరువా తాళం చెవి ఇచ్చినట్టే. అందుకే ఈ జాగ్రత్తలు తీసుకోండి.

"కొత్త సినిమా ఫ్రీ" అని వచ్చిన దాన్ని నొక్కకండి. దాన్ని ఇంకొకరికి పంపకండి.

తెలియని యాప్ వేయమంటే వేయకండి.

ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలు ఎవరికీ చెప్పకండి.

ఖాతాలో పైసలు పోతే ఏడుస్తూ కూచోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఇది సైబర్ మోసాల ఫిర్యాదు కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు. ఎంత తొందరగా చెప్తే పైసలు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. ఈ నంబరును గోడ మీద రాసి పెట్టుకోండి. మీరే మీ చేతితో రాయండి.

'బలగం' నేర్పిన పాఠం

2023 మార్చి 3న 'బలగం' సినిమా వచ్చింది. సిరిసిల్ల వైపు పల్లెల్లో తీసిన సినిమా. ఒక ముసలాయన చనిపోతాడు. పెట్టిన పిండం కాకి ముట్టదు. విడిపోయిన తోబుట్టువులు మళ్ళీ కలుస్తారు. తెలంగాణ పల్లెలు ఆ సినిమాలో తమను తాము చూసుకున్నాయి.

ఆ ఎండాకాలంలో చాలా ఊళ్ళలో వింత జరిగింది. ఊరి నడుమ పెద్ద తెర కట్టినారు. ఊరంతా చాపలు పరుచుకొని కూచున్నారు. కొన్ని చోట్ల సర్పంచులే ఏర్పాటు చేసినారు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా కలిసి చూసినారు, ఏడ్చినారు. టూరింగ్ టాకీసు రోజులు మళ్ళీ వచ్చినట్టు అయింది.

కానీ సినిమా తీసినవాళ్ళ అనుమతి తీసుకోకుండా చూపించినారు. నిర్మాతల తరఫున నిజామాబాద్ పోలీసులకు ఫిర్యాదు పోయింది. అనుమతి లేకుండా చూపడం చట్టానికి విరుద్ధం, తమకు నష్టం అన్నారు.

ఇందులో తప్పు ఎవరిది? ఊరివాళ్ళు పైసలు సంపాదించాలని చూపలేదు. మంచి మనసుతోనే చూపినారు. అయినా అది వేరేవాళ్ళ కష్టం. పెండ్లికి పక్కింటి గిన్నెలు కావాలంటే ఏం చేస్తాం? అడిగి తెచ్చుకుంటాం. మంచి పనికే గదా అని అడగకుండా తెచ్చుకోం. సినిమా కూడా అట్లాగే అడిగి చూపాలి.

'బలగం' ఇంకొకటి కూడా చూపించింది. పది మందితో కలిసి కూచొని చూడాలన్న కోరిక జనంలో ఇంకా చావలేదు. టాకీసు బతకడానికి అదే పెద్ద ఆశ.

దొంగ కాపీ ఒక్కటే కారణమా?

కాదు. నిజం నిజంలాగే చెప్పుకోవాలి.

టీవీ ఇంటింటికీ వచ్చింది. కరోనా వల్ల 2020 మార్చిలో టాకీసులు మూతపడినాయి. నెలల తరబడి తెరవలేదు. ఆ రోజుల్లో జనం ఇంట్లోనే చూడడానికి అలవాటు పడినారు. నెలకు ఇంత అని కడితే ఫోనులో సినిమాలు చూపే కంపెనీలు వచ్చినాయి. విడుదలయిన కొన్ని వారాలకే సినిమా అందులోకి వస్తున్నది. "నెల ఆగితే ఇంట్లోనే చూడొచ్చు" అని జనం ఆగుతున్నారు.

పెద్ద సినిమాలకు టికెట్టు ధర పెంచుతున్నారు. ఇంట్లో నలుగురు పోవాలంటే బస్సు చార్జీ, టికెట్లు, లోపల తినేవి అన్నీ కలిసి రెండు రోజుల కూలి పోతుంది. కొన్ని టాకీసుల్లో కుర్చీలు విరిగి ఉంటాయి. ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉండదు. అట్లాంటి చోటికి ఆడవాళ్ళు ఎట్లా పోతారు?

భద్రత సంగతి కూడా ఉంది. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో ఒక పెద్ద హీరో సినిమాకు జనం తోసుకున్నారు. ఆ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుక్కు తీవ్రంగా దెబ్బలు తగిలినాయి. సినిమాకు పోయిన మనిషి క్షేమంగా ఇంటికి రావాలి. అది చూసుకోవాల్సినవాళ్ళు చూసుకోవాలి.

కాబట్టి ధర ఎక్కువ అని కోపం ఉండవచ్చు. ఆ కోపం న్యాయమే. కానీ ధర ఎక్కువని దొంగ కాపీ చూస్తే ముందు దెబ్బ తినేది హీరో కాదు. గేటు దగ్గర నిలబడే మనిషి, హాలు ఊడ్చే ఆమె. ధర గురించి అడగాల్సిన చోట అడగాలి.

చట్టం ఏమంటుంది?

1957 నాటి కాపీరైటు చట్టం ఉంది. దాని ప్రకారం సినిమా మీద హక్కు 60 ఏళ్ళు ఉంటుంది. దొంగ కాపీ చేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు. 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా.

2023లో సినిమాల చట్టాన్ని మార్చి ఇంకా గట్టిగా చేసినారు. టాకీసులో సినిమాను నకలు తీస్తే మూడు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు. జరిమానా కనీసం 3 లక్షల రూపాయలు. అందుకే పిల్లలకు చెప్పండి. హాలులో సరదాకు తెర మీది బొమ్మను ఫోనులో తీయడం కూడా చిక్కు తెస్తుంది.

అయితే ఫోనులో సినిమా చూడడమే తప్పా? కాదు. టీవీలో వచ్చే సినిమా చూడవచ్చు. పైసలు కట్టిన యాప్‌లో చూడవచ్చు. సినిమా హక్కు ఉన్న కంపెనీలు తామే యూట్యూబులో ఎన్నో పాత సినిమాలు పెట్టినాయి. అవి పుక్కటికే చూడవచ్చు. అందులో తప్పు లేదు, భయం లేదు.

ఎవరి పని ఎంత?

చెరువు కట్ట తెగితే ఊరంతా పోతుంది. ఒక్కరు మట్టి వేస్తే ఆగదు. ఇది కూడా అట్లాంటిదే.

ప్రభుత్వం ధరలు అదుపులో పెట్టాలి. దొంగ కాపీల ముఠాలను పట్టుకోవాలి.

టాకీసు యజమాని హాలును శుభ్రంగా ఉంచాలి. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, మంచినీళ్ళు, వెలుతురు ఉండాలి. తినేవాటి ధరలు పేదలకు అందేటట్టు ఉండాలి.

సినిమా తీసేవాళ్ళు ఇంటిల్లిపాదీ కూచొని చూసే సినిమాలు తీయాలి.

మరి మన పని? దొంగ కాపీ చూడకపోవడం. చూసినా పంపకపోవడం కాదు, అసలే చూడకపోవడం. పిల్లలకు కోప్పడకుండా, కారణం చెప్పి మాన్పించడం. ఏడాదికి ఒకటి రెండు సార్లయినా టాకీసుకు పోవడం.

మహిళా సంఘం తలచుకుంటే ఇది కష్టం కాదు. నెలకు తలా 10 రూపాయలు పక్కన పెడితే ఏడాదికి 120 రూపాయలు. మంచి సినిమా వచ్చినప్పుడు సంఘమంతా కలిసి మ్యాట్నీకి పోవచ్చు. ముప్పై మంది ఒక్కసారే వస్తామంటే టాకీసు యజమాని మాట వింటాడు. "మరుగుదొడ్డి బాగు చేయించండి, వస్తాం" అని ముందే అడగవచ్చు. ఒక్కరు అడిగితే పట్టించుకోరు. ముప్పై మంది అడిగితే పట్టించుకుంటారు.

అక్షరం నేర్చిన ఆడవాళ్ళ బలం ఎంతో ఈ దేశం ఒకసారి చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్ళు ఒక్కటయినారు. ఊళ్ళో సారా దుకాణం మూయించినారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ రోజు ఆడవాళ్ళు చెడు చేసే దుకాణాన్ని మూయించినారు. మంచి చేసే హాలును తెరిచి ఉంచడం కూడా ఆడవాళ్ళ చేతిలో ఉన్న పనే.

మొదట గుర్తు పెట్టుకోమన్న సంగతి ఇప్పుడు చూడండి. టాకీసు మూతపడితే కుర్రవాళ్ళకు ఫోను ఉంది. పైసలున్నవాళ్ళకు హైదరాబాదులో పెద్ద హాళ్ళు ఉన్నాయి. పోయేది పల్లె ఆడామె కుర్చీ. పని లేకుండా, ఎవరూ పిలవకుండా మూడు గంటలు కూచునే ఆ కుర్చీ. దాన్ని నిలబెట్టుకోవాలంటే దానికి న్యాయమైన ధర మనమే కట్టాలి. ఆ ధర న్యాయంగా ఉండాలని మనమే అడగాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ పట్టణంలో ఒకప్పుడు ఎన్ని టాకీసులు ఉండేవి? ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? పెద్దవాళ్ళను అడిగి రాయండి.

2. టాకీసు మీద ఆధారపడి బతికే పనులు ఎన్ని? పేర్లు రాయండి.

3. ఒకరు 5 మందికి సినిమా పంపినారు. ఆ 5 మందీ తలా 5 మందికి పంపినారు. వాళ్ళు కూడా తలా 5 మందికి పంపినారు. చివరి మెట్టులో ఎందరికి అందింది?

4. మీ ఊళ్ళో అందరూ కలిసి సినిమా చూడాలంటే ముందు ఎవరిని అడగాలి?

5. ఫోను ద్వారా పైసలు పోతే ఏ నంబరుకు చెప్పాలి? చూడకుండా రాయండి.